చెప్పేవన్నీ వారికి తెలుసు, అయినా పరీక్షకు ఎందుకు రారు?

దీపశిఖ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. రోజుకూలి మీద, ఇళ్ళలో పాచిపని మీద బతికే స్త్రీల కోసం మేము కొందరం కలిసి రెండేళ్ళుగా ఆరోగ్య సమావేశాలు నిర్వహిస్తున్నాము. నేను వైద్యురాలిని కాను, బొమ్మల పటాలు చూపిస్తూ మాట్లాడే కార్యకర్తను మాత్రమే. వీరికి విషయం తెలియకపోవడం వల్లనే జబ్బు ముదిరేదాకా ఊరుకుంటున్నారని, తెలియజెప్తే చాలా భాగం సరిపోతుందని నమ్మి ఈ పనిలోకి వచ్చాను.

ఈ మధ్య ఆ నమ్మకం సడలింది. గత నెల సమావేశంలో నేను చెప్పడం ఆపి వారినే ప్రశ్నలు అడిగాను. రక్తహీనత అంటే ఏమిటో, గర్భిణి ఐరన్ బిళ్ళలు ఎందుకు వేసుకోవాలో, పొయ్యి పొగ ఊపిరితిత్తులను ఏం చేస్తుందో, ఏ లక్షణాలు కనబడితే ఆలస్యం చేయకూడదో దాదాపు తడుముకోకుండా చెప్పారు. కానీ అదే వారంలో ఉచిత రక్తపరీక్షకు ముప్పై మంది పేర్లు రాసుకుంటే వచ్చినవారు ఏడుగురు. ఇళ్ళకు వెళ్ళి చూస్తే, ఇచ్చిన ఐరన్ బిళ్ళల పట్టీలు చాలా ఇళ్ళలో విప్పకుండానే ఉన్నాయి. అడిగితే ఎవరూ ఎదురు చెప్పరు, "వేసుకుంటానమ్మా, పనుల్లో పడి మరిచిపోయాను" అంటారు.

ఒకరోజు విసుగులో ఇది నిర్లక్ష్యం అని నోరు జారాను. ఎవరూ ఏమీ అనలేదు గానీ, తరువాతి సమావేశానికి సగం మంది రాలేదు. మా పద్ధతిలో ఎక్కడ లోపముందో, ఈ రంగంలో పనిచేసినవారు గానీ, ఆ జీవితాన్ని దగ్గరగా చూసినవారు గానీ చెప్పగలిగితే మేలు చేసినవారవుతారు.

పాతనర్సు

దీపశిఖ గారూ, నిర్లక్ష్యం అనే ఆ మాట నేను కూడా చాలా ఏళ్ళు వాడాను, రిజిస్టర్లలో రాశాను కూడా. కాబట్టి మిమ్మల్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. ప్రసూతి వార్డులోనూ గర్భిణుల క్లినిక్‌లోనూ ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మీరు చెప్పిన విప్పని పట్టీల దగ్గరే ఆగి మాట్లాడతాను, ఎందుకంటే మొత్తం కథ అందులోనే ఉంది.

ఐరన్ బిళ్ళ చాలామందికి వికారం కలిగిస్తుంది, కడుపులో మంట పెడుతుంది, మలం నల్లబడుతుంది, అన్నిటికంటే ముఖ్యంగా మలబద్ధకం తెస్తుంది. సొంత మరుగుదొడ్డి ఉన్నవారికి మలబద్ధకం ఒక చికాకు మాత్రమే. చీకటి పడ్డాక ఆరుబయటికి వెళ్ళవలసిన స్త్రీకి, లేదా పది కుటుంబాలు వాడే దొడ్డి ముందు వరుసలో నిలబడవలసిన స్త్రీకి అది భరించలేని కష్టం. మరుగుదొడ్డి ఇబ్బంది వల్లనే ఆమె పగలంతా నీళ్ళు తక్కువ తాగుతుంది, ఒంటేలు ఆపుకుంటుంది. ఆపుకోవడం వల్ల మూత్రంలో మంట, నీళ్ళు తక్కువ కావడం వల్ల మలబద్ధకం ఇంకా ఎక్కువ. పైగా పరగడుపున వేసుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది కానీ కడుపు తిప్పుతుంది, అందుకని మేము "తిన్నాక వేసుకోండి" అంటాము. ఆ "తిన్నాక" అనేది ఎప్పుడు? అందరూ తిన్న తరువాత మిగిలినది రాత్రి తినే మనిషికి పొద్దున్న బిళ్ళ వేసుకునే వేళే ఉండదు. ఈ లెక్క ఆమె మనసులో ఒక్క క్షణంలో వేసుకుంటుంది, బిళ్ళ పక్కన పెడుతుంది. మనకు చెప్పడానికి మాత్రం మొహమాటపడి "మరిచిపోయాను" అంటుంది.

దీనికి కొంత వెసులుబాటు వైద్యంలోనే ఉంది. ఒక మోతాదు ఇనుము తీసుకున్న తరువాత కాలేయం నుంచి హెప్సిడిన్ అనే హార్మోను పెరిగి, మరుసటి రోజు మోతాదు ఒంటబట్టకుండా అడ్డుపడుతుందని, అందువల్ల రోజు విడిచి రోజు వేసుకున్నప్పుడు ఒక్కో బిళ్ళ నుంచి ఒంటబట్టే ఇనుము ఎక్కువగా ఉంటుందని ఇనుము నిల్వలు తగ్గిన యువతుల మీద జరిగిన పరిశోధనల్లో తేలింది. గర్భిణులు కాని స్త్రీలకు రక్తహీనత నివారణ కోసం వారానికి ఒక్కసారి ఇచ్చే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సూచించింది. గర్భిణికి మాత్రం వైద్యుల సలహా లేకుండా మార్చకండి, ఆమెకు సాధారణంగా రోజూ 30 నుంచి 60 మిల్లీగ్రాముల ఇనుము, 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం అవసరం. కానీ "పడకపోతే మానేయకండి, నాకు చెప్పండి, మార్పిద్దాం" అనే ఒక్క మాట ముందే అని ఉంటే ఎన్ని పట్టీలు ఖాళీ అయ్యేవో అని ఇప్పుడనిపిస్తుంది.

మరో సంగతి, రక్తం తక్కువ కావడానికి తిండి ఒక్కటే కారణం కాదు. ఒక గర్భం మొత్తానికి దాదాపు 1,000 మిల్లీగ్రాముల ఇనుము ఖర్చవుతుంది. కాన్పు తరువాత మళ్ళీ గర్భం దాల్చడానికి కనీసం 24 నెలల ఎడం ఉండాలని చెప్పడానికి ఉన్న కారణాల్లో ఈ నిల్వ తిరిగి నిండడం కూడా ఒకటి. నెలసరిలో 80 మిల్లీలీటర్లకు మించి రక్తం పోతే దాన్ని అధిక రక్తస్రావంగా లెక్కిస్తారు, కానీ తల్లికీ అక్కకీ అలాగే అయిన ఇంట్లో పెరిగిన అమ్మాయి అది జబ్బని ఎలా అనుకుంటుంది? చెప్పులు లేకుండా మట్టిలో పనిచేసేవారికి కొంకిపురుగులు పాదాల చర్మం గుండా లోపలికి చేరి పేగుల్లో రక్తం పీలుస్తాయి. ఇవేమీ అడగకుండా "బాగా తినండి" అని చెప్పి పంపితే, తిండి లేనివారికి అది వెక్కిరింపులాగా వినిపిస్తుంది.

పరీక్షకు రాకపోవడానికి కూడా శరీరంలోనే ఒక కారణం ఉంది. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాములు, గర్భిణికి 11 గ్రాములు ఉండాలని కొలమానం. ఈ అంకె ఒక్కసారిగా పడిపోతే మనిషి కూలిపోతుంది, ఏళ్ళ తరబడి మెల్లగా దిగితే గుండె వేగం పెంచుకొని ఒళ్ళు సర్దుకుంటుంది. 7, 8 గ్రాములతో బస్తాలు మోసేవారిని నేను చూశాను. వారి దృష్టిలో ఆయాసం, కాళ్ళ గుంజుడు, కళ్ళు తిరగడం వయసుతో పాటు వచ్చే మామూలు సంగతులు. ప్రమాదం కాన్పు నాడు బయటపడుతుంది. రక్తం నిండుగా ఉన్న స్త్రీ తట్టుకోగల రక్తస్రావాన్ని ఈమె తట్టుకోలేదు. ప్రపంచంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో దాదాపు 30 శాతం మందికి రక్తహీనత ఉందన్న అంకెను మీ పటాల్లో పెట్టే ఉంటారు. ఆ అంకెలో పనికి వెళ్తూనే ఉన్నవారే ఎక్కువ.

లెక్కలపంతులమ్మ

నర్సు గారు శరీరం లెక్క చెప్పారు, నేను రోజు లెక్క చెప్తాను. బడిలో గణితం చెప్పడం నా వృత్తి, ఇళ్ళలో పనిచేసి నన్ను చదివించిన తల్లి కూతురిని కావడం నా అర్హత.

గర్భిణి ప్రసవంలోగా కనీసం ఎనిమిదిసార్లు ఆరోగ్య సిబ్బందిని కలవాలని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. అంతకుముందు నాలుగుసార్లు చాలనేవారు. ప్రసవం తరువాత మొదటి ఆరు వారాల్లో మళ్ళీ మూడు నాలుగుసార్లు. వైద్యపరంగా ఇందులో తప్పుపట్టవలసిందేమీ లేదు. అయితే కాగితం మీద "ఒక సందర్శన" అని రాసేది రోజుకూలి మనిషికి ఒక పూట కాదు, ఒక పూర్తి కూలి. పొద్దున్నే చీటీ కోసం నిలబడాలి, వరుసలో మధ్యాహ్నం అవుతుంది, ఫలితం రేపు వచ్చి తీసుకోమంటారు. అంటే ఒక పరీక్షకు రెండు కూలీలు. నెలకు ఇన్ని రోజులు రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామనే యజమానులు ఉన్నప్పుడు అది ఉద్యోగమే పోయే లెక్క. మీ పరీక్ష ఉచితమన్నారు. ఎవరికి ఉచితం?

కూలి లెక్క ఇలా ఉంటే, కూలి లేని పని లెక్క ఇంకోలా ఉంది. 2018లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రచురించిన నివేదిక ప్రకారం జీతం లేని ఇంటిపని, సంరక్షణ పనికి స్త్రీలు సగటున రోజుకు 4 గంటల 25 నిమిషాలు, పురుషులు 1 గంట 23 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఇది అన్ని ఆదాయాల వారికీ కలిపిన సగటు. నీటి కుళాయి లేని ఇంట్లో ఇది ఎంత పెరుగుతుందో ఊహించుకోవచ్చు. ఇంటి ఆవరణలో నీటి వసతి లేని జనం ప్రపంచంలో 180 కోట్ల మంది ఉన్నారని, అటువంటి ప్రతి పది ఇళ్ళలో ఏడింటిలో నీళ్ళు తెచ్చే భారం స్త్రీలది, ఆడపిల్లలదేనని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి ప్రకటించాయి. ఇరవై లీటర్ల నీళ్ళంటే ఇరవై కిలోల బరువు. దాన్ని బాలింత కూడా మోస్తుంది.

ఆ బరువు గురించే చెప్పాలి. మా అమ్మకు నా తమ్ముడు పుట్టాక గర్భసంచి జారింది. పదకొండేళ్ళు నడుముకు గుడ్డ బిగించి కట్టుకొని పనికి వెళ్ళింది, మాకెవరికీ చెప్పలేదు. నాకు తెలిసి ఆసుపత్రికి తీసుకువెళ్ళినప్పుడు డాక్టరు గారు ఆపరేషను గురించి వివరించి, తరువాత ఆరు వారాలు బరువులు ఎత్తకూడదు అన్నారు. మా అమ్మ నవ్వింది. ఆ నవ్వును ఆయన అజ్ఞానం అనుకున్నారని ఆయన ముఖం చూస్తేనే తెలిసింది. ఆపరేషను అవసరం లేకుండా లోపల అమర్చే పెసరీ అనే రింగు ఒకటుందని, క్లినిక్‌లో కొద్ది నిమిషాల్లో పెడతారని, కొన్ని నెలలకోసారి శుభ్రం చేయించుకుంటూ పనికి వెళ్ళవచ్చునని చాలా కాలం తరువాత ఇంకొకచోట ఎవరో చెప్పారు. అది అందరికీ సరిపడదు, నిజమే. కానీ ఆ రోజు ఎవరైనా "మీకు ఎన్ని రోజులు వీలవుతుంది?" అని అడిగి ఉంటే ఆ మాట అప్పుడే వచ్చేది.

మంచి పథకాలు కూడా ఈ లెక్క దగ్గర తడబడ్డాయి. మెక్సికోలో 1997లో మొదలైన ప్రోగ్రెసా పథకంలో డబ్బును నేరుగా తల్లులకే ఇచ్చేవారు, బదులుగా పిల్లల్ని బడికి పంపడం, క్లినిక్‌కు రావడం, ఆరోగ్య ప్రసంగాలకు హాజరు కావడం షరతులు. బడి హాజరు పెరిగింది, ఆరోగ్యంలోనూ మెరుగుదల కనిపించింది. అయితే ఆ షరతులన్నీ తల్లి సమయం నుంచే తీసుకున్నారని, ఆమె గంటలకు విలువ లేనట్టు ప్రవర్తించారని విమర్శలు వచ్చాయి. మీ సమావేశం కూడా, ఏమీ అనుకోకండి, ఆమె రోజులోంచి తీసుకున్న ఒక గంటే.

సందేహి

పై రెండు సమాధానాలూ బాగున్నాయి, అయినా నాకు ఒక అభ్యంతరం ఉంది. మొత్తం భారాన్ని సమయం మీద వేస్తే, సమయం దొరికిన రోజు కూడా ఆమె ఎందుకు రాదో అర్థం కాదు. ప్రసూతి మరణాలను విశ్లేషిస్తూ 1994లో థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు మూడు ఆలస్యాల గురించి రాశారు: వైద్యానికి వెళ్ళాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, ఆసుపత్రికి చేరడంలో ఆలస్యం, చేరాక సరైన వైద్యం అందడంలో ఆలస్యం. మొదటి ఆలస్యం చాలాసార్లు ఆమె చేతిలో ఉండదు. డబ్బు ఎవరి దగ్గర ఉంది, వెళ్ళమని ఎవరు చెప్పాలి, ఆమె వెళ్తే పిల్లల్ని ఎవరు చూస్తారు అనేవి తేలాలి. పొయ్యి సంగతీ అంతే. కట్టెలు, పిడకలు, బొగ్గు వంటి వంటచెరకు పొగతో నిండిన ఇళ్ళ గాలి వల్ల 2020లో 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పొగ చెడ్డదని ఆ పొయ్యి ముందు కూర్చున్న మనిషికి మనం చెప్పాలా? ఏ ఇంధనం కొనాలో నిర్ణయించేది మాత్రం ఆమె కాకపోవచ్చు. కాబట్టి మీ పటాలు భర్తలకూ అత్తమామలకూ కూడా చూపించవలసి ఉంది.

అలాగని తెలియజెప్పడం వృథా అనే ధోరణిలోకి చర్చ జారడం నాకు ఇష్టం లేదు. గర్భిణికి తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం వాయడం కనబడితే అది గుర్రపువాతానికి, అంటే రక్తపోటు పెరిగి గర్భిణికి వచ్చే మూర్ఛకు, ముందస్తు సూచన కావచ్చునని తెలిసిన ఇల్లు బండి కోసం పరుగెత్తుతుంది, తెలియని ఇల్లు తెల్లవారేదాకా చూద్దామనుకుంటుంది. నెలసరి ఆగిపోయిన ఏళ్ళ తరువాత మళ్ళీ రక్తం కనబడితే పరీక్ష తప్పనిసరి అని ఎంతమందికి తెలుసు?

ఇంకొక చిన్న హెచ్చరిక. ఇంట్లో దెబ్బల సంగతి సమావేశంలో నలుగురి ముందు ఎప్పుడూ అడగకండి. ఆ జవాబు సాయంత్రానికి ఇల్లు చేరుతుంది.

దీపశిఖ

ముగ్గురికీ కృతజ్ఞతలు. "ఎవరికి ఉచితం" అన్న ప్రశ్న చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. సందేహి గారి మాటను బట్టి, ప్రమాద లక్షణాల పటం ఒక్కటే ఉంచి మిగతావి పక్కన పెట్టాను. ఆ పటాన్ని ఇకమీదట ఆదివారాలు ఇళ్ళకే తీసుకువెళ్ళి మగవారికి కూడా చూపించాలని అనుకుంటున్నాము.

నిన్నటి సమావేశాన్ని అరగంటకు కుదించి, వారిని ఒకటే అడిగాను: పరీక్ష ఎక్కడ, ఎప్పుడు పెడితే మీకు కూలి పోదు? మొదట ఎవరూ మాట్లాడలేదు, ఇలాంటి ప్రశ్న అడుగుతానని వారు అనుకోలేదేమో. తరువాత ఒకామె, తెల్లవారుజామున పనికి పిలిచే మేస్త్రీ కోసం కూడలిలో గంటసేపు ఎలాగూ నిలబడతాము కదా, అక్కడికి మీరే రాకూడదా అన్నారు. ఇళ్ళలో పనిచేసేవారు మాత్రం మధ్యాహ్నం రెండు ఇళ్ళ పనికి మధ్య దొరికే ఖాళీ చెప్పారు. రెండేళ్ళలో మాకు ఈ రెండు వేళలూ తట్టలేదు. పాతనర్సు గారూ, కూడలిలో రక్తపరీక్ష చేయడం సాధ్యమేనా? గర్భాశయ ముఖద్వార క్యాన్సరు పరీక్షను కూడా ఇలా దగ్గరికి తీసుకురాగలమా?

పాతనర్సు

రెండూ సాధ్యమే, కొన్ని జాగ్రత్తలతో. రెండో దాని గురించి ముందు చెప్తాను. 2022లో ప్రపంచంలో ఈ క్యాన్సరుతో చనిపోయిన దాదాపు మూడున్నర లక్షల మందిలో 94 శాతం తక్కువ, మధ్యస్థ ఆదాయ దేశాల స్త్రీలే. ముందుగా పట్టుకోగలిగే జబ్బులో ఇంతమంది పోతున్నారంటే పరీక్ష వారి దాకా రాలేదనే అర్థం. ఇప్పుడు ఈ క్యాన్సరుకు కారణమయ్యే వైరస్‌ను పట్టుకునే హెచ్‌పీవీ పరీక్షకు కావలసిన నమూనాను స్త్రీ తానే చాటుగా దూదిపుల్ల లాంటి దానితో తీసి ఇవ్వవచ్చు, బల్ల మీద పడుకోవలసిన పని లేదు. అది దొరకని చోట పలచని ఎసిటిక్ ఆమ్లం పూసి చూసే పద్ధతి ఉంది. ఒకటి రెండు నిమిషాల్లో తేడా తెలుస్తుంది, తగినదైతే అదే రోజు అక్కడే చికిత్స కూడా చేయవచ్చు. దీన్ని కూడలిలో కాదు, తలుపు ఉన్న గదిలో, శిక్షణ పొందినవారే చేయాలి. మీరు ఆసుపత్రివారితో మాట్లాడేటప్పుడు "పరీక్ష, ఫలితం, చికిత్స ఒకే రోజున" అని పట్టుబట్టండి. రెండో రోజు రమ్మంటే సగం మందిని అక్కడే పోగొట్టుకుంటాము.

కూడలిలో హిమోగ్లోబిన్ విషయానికి వస్తే, సిర నుంచి తీసిన రక్తమే ఎక్కువ నమ్మదగినది, వేలి చుక్కలో తేడాలు వస్తాయి. కాబట్టి దాన్ని వడపోతగా మాత్రమే వాడండి, తక్కువ వచ్చినవారికి సిర రక్తం తీసే ఏర్పాటు వారు చెప్పిన మధ్యాహ్నపు వేళలోనో, మరొక తెల్లవారుజామునో అక్కడే చేయండి. తెల్లవారుజామున చేతులు చల్లగా ఉంటాయి, రక్తం సరిగా రాదు. గోరువెచ్చని నీళ్ళు ఒక పాత్రలో తీసుకువెళ్ళి ముందు చేతులు వేడి చేయించి బాగా తుడిపించండి. పొడిచాక వేలు పిండవద్దు, పిండితే చర్మం కింది నీరు కలిసి అంకె తప్పు వస్తుంది. మొదటి చుక్క తుడిచేసి తరువాతి చుక్కలు తీసుకోండి. పక్కన మేస్త్రీలు ఉంటారు కనుక అంకెను పైకి చదవకండి, రక్తం తక్కువ ఉన్న మనిషిని పనికి తీసుకోరేమోనన్న భయం వారికి ఉంటుంది. చీటీ మీద రాసి చేతికివ్వండి, చదవలేనివారికి చెవిలో చెప్పండి. మేస్త్రీ పిలిచిన వెంటనే వదిలేయండి, మిగిలినది మరుసటి వారం చేసుకోవచ్చు.